చొరవ చూపడం అహంకారం కాదు

ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లొచ్చిన మన పిల్లల నోట ఈ మధ్య ఒక మాట తరచు వినిపిస్తోంది. ‘సబ్జెక్టులో అడిగినవన్నీ చెప్పాను. కానీ ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు పూనుకొని చేసిన పని ఒకటి చెప్పమన్నారు. ఏం చెప్పాలో తోచలేదు’ అంటున్నారు. మరికొందరికి ‘నష్టం రావచ్చని తెలిసి కూడా నువ్వు తీసుకున్న నిర్ణయం ఏమిటి?’ అన్న ప్రశ్న ఎదురవుతోంది. పాఠ్యపుస్తకాల్లో జవాబు దొరకని ప్రశ్నలివి.

నిజానికి మన పిల్లల దగ్గర జవాబు లేక కాదు. రంజాన్ నెలంతా మస్జిదులో ఇఫ్తార్ ఏర్పాట్లు భుజాన వేసుకున్న కుర్రవాడు, అబ్బాకు జబ్బు చేస్తే మూడు నెలలు దుకాణం నడిపిన కొడుకు, చెల్లెళ్ల ఫీజు కోసం ఇంట్లోనే ట్యూషన్లు మొదలుపెట్టిన అమ్మాయి... వీళ్లందరి దగ్గరా జవాబు ఉంది. కానీ ఇంట్లో, బస్తీలో చేసిన పనిని మనం పనిగా లెక్కవేయం. పైగా మన గురించి మనం చెప్పుకుంటే అది రియా అవుతుందేమో, గర్వం అనిపించుకుంటుందేమో అన్న జంకు ఒకటి. ‘అంతా అల్లాహ్ చూసుకుంటాడు’ అనే మంచి మాటను చేతులు ముడుచుకు కూర్చోవడానికి వాడుకునే అలవాటు మరొకటి. ఈ రెండింటినీ మన ధర్మం సమర్థిస్తుందా? కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఈ ప్రశ్నలు ఎందుకు?

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్ 1954లో ఒక పద్ధతిని వివరించారు. ఒక మనిషి పనితనం తెలియాలంటే అతడి గుణగణాల గురించి పొగడ్తలు, తెగడ్తలు వింటే చాలదు, కీలకమైన సందర్భంలో అతడు ఏం చేశాడో సేకరించాలన్నది దాని సారాంశం. 1973లో డేవిడ్ మెక్లెలాండ్ అనే మరో శాస్త్రవేత్త, తెలివితేటల పరీక్షల్లో వచ్చే మార్కులకంటే పనిలో కనిపించే సామర్థ్యాన్ని చూడాలని వాదించారు. ఇలాంటి ఆలోచనల నుంచే నేటి ‘బిహేవియరల్ ఇంటర్వ్యూ’ రూపుదిద్దుకుంది. నిన్న నువ్వు ఎలా ప్రవర్తించావో తెలిస్తే రేపు ఎలా ప్రవర్తిస్తావో అంచనా వేయవచ్చునన్నది దీని వెనక ఉన్న నమ్మకం.

హైదరాబాదులో 2019లో భారీ క్యాంపస్ తెరిచిన అమెజాన్ సంస్థ తన ఉద్యోగులు పాటించాల్సిన సూత్రాలను బహిరంగంగానే ప్రకటించింది. అందులో ‘బయాస్ ఫర్ యాక్షన్’ ఒకటి. చాలా నిర్ణయాలను అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు గనుక అతిగా తాత్సారం చేయవద్దని, లెక్క చూసుకుని చేసే సాహసానికి తాము విలువ ఇస్తామని దాని భావం. ఇంటర్వ్యూ గదిలో అడిగే ప్రశ్నలకు మూలం ఇలాంటి చోట ఉంది.

మద్యన్ బావి దగ్గర

పద్ధతికి పేరు కొత్తదే గానీ, మనిషిని అతడి పనిని బట్టి అంచనా వేయడం మనకు కొత్త కాదు. దివ్య ఖురాన్‌లో హజ్రత్ మూసా (అ) ఉదంతం చూడండి. ఈజిప్టు విడిచి, ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా మద్యన్ చేరుకున్నారాయన. బావి దగ్గర పశువుల కాపరులు గుమిగూడి ఉన్నారు. ఇద్దరు స్త్రీలు మాత్రం తమ మందను అదుపు చేసుకుంటూ దూరంగా నిలబడ్డారు. సంగతేమిటని ఆయన అడిగారు. కాపరులు వెళ్లిపోయేదాకా తాము నీళ్లు పెట్టలేమని, తండ్రి వృద్ధుడని వాళ్లు చెప్పారు. ఆయన వారి పశువులకు నీళ్లు తాపి, నీడకు వెళ్లి కూర్చుని, తన అవసరాన్ని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. కూలి అడగలేదు. ఎవరో చూస్తారని చేయలేదు.

తరవాత ఆ ఇద్దరిలో ఒకరు, ఈయన బలవంతుడు, నమ్మదగినవాడు, పనికి కుదుర్చుకోమని తండ్రికి సిఫారసు చేశారు. ఆమె దగ్గర ఉన్న ఆధారం ఏమిటి? సర్టిఫికెట్ కాదు. కళ్లారా చూసిన ప్రవర్తన. ముందు పరిస్థితి అడిగి తెలుసుకోవడం, తరవాత పూనుకోవడం, పని కాగానే పక్కకు తప్పుకోవడం... చొరవ అంటే ఇదే. అడగకుండా దూరిపోవడం చొరవ కాదు.

యూసుఫ్ (అ) కోరిన బాధ్యత

హజ్రత్ యూసుఫ్ (అ) ఉదంతం ఇంకా స్పష్టమైనది. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్కచిక్కిన ఆవులు తినేస్తున్నట్టు రాజుకు కల వచ్చింది. చెరసాలలో ఉన్న యూసుఫ్ (అ)ను అడిగింది ఆ కలకు అర్థం మాత్రమే. కానీ ఆయన అర్థంతో ఆగలేదు. ఏడేళ్లు వరుసగా పంట పండించాలని, తినడానికి కావలసిన కొద్ది భాగం తప్ప మిగతా ధాన్యాన్ని వెన్నులతోనే నిల్వ ఉంచాలని, తరవాత వచ్చే ఏడేళ్ల కరవును ఆ నిల్వతో దాటాలని ఉపాయం కూడా చెప్పారు. సమస్యతో పాటు పరిష్కారాన్నీ ముందుంచారు.

రాజు పిలిపించినప్పుడు ఆయన ఉరుకులు పరుగుల మీద బయటికి రాలేదు. తన మీద పడ్డ నింద సంగతి ముందు తేల్చమన్నారు. నిర్దోషి అని రుజువయ్యాక రాజు ఆదరించగా, దేశపు కోశాగారాల బాధ్యత తనకు అప్పగించమని స్వయంగా కోరారు. తనకున్న రెండు అర్హతలను పేర్కొన్నారు. కాపాడే గుణం ఒకటి, ఆ పనికి తగిన జ్ఞానం రెండోది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పదవిని కోరుకోవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు కదా! పేరు కోసం, పెత్తనం కోసం పదవి వెంట పడటాన్ని ఆ బోధన వారిస్తుందని, సామర్థ్యం ఉన్నవాడు జనుల మేలు కోసం ముందుకు రావడం అందులోకి రాదని పండితులు వివరించారు. తన అర్హతను ఉన్నదున్నట్టు, అవసరమైన చోట, అవసరమైనంత చెప్పడం గర్వం కాదన్న మాట. ఎదుటివారిని చిన్నచూపు చూడటం గర్వం. లేనిది ఉన్నట్టు చెప్పడం అబద్ధం. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

సాహసం వేరు, జూదం వేరు

రెండో ప్రశ్న నష్టభయానికి సంబంధించినది. ఇస్లాం జూదాన్ని నిషేధించింది. కానీ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసింది. వ్యాపారంలోనూ నష్టం రావచ్చు. మరి తేడా ఎక్కడుంది? జూదగాడు ఫలితాన్ని గాలికి వదిలేస్తాడు. వ్యాపారి సరుకు చూస్తాడు, దారి చూస్తాడు, ధర చూస్తాడు, తన శక్తి మేరకు జాగ్రత్త పడి ఆ తరవాత అడుగు వేస్తాడు.

క్రీ.శ. 622లో జరిగిన హిజ్రత్‌ను ఈ దృష్టితో మరోసారి చదవండి. ప్రాణాలకే ముప్పు ఉన్న ప్రయాణం అది. హజ్రత్ అబూబకర్ (రజి) రెండు ఒంటెలను నెలల ముందు నుంచే మేపి సిద్ధం చేశారు. మదీనా ఉత్తరాన ఉంటే, దైవప్రవక్త (స) మొదట దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. అక్కడ మూడు రాత్రులు ఉన్నారు. మక్కాలో ఏమనుకుంటున్నారో తెలుసుకుని రాత్రివేళ కబురు తెచ్చే పని అబూబకర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్‌ది. ప్రయాణపు ఆహారం కట్టి ఇచ్చింది కుమార్తె అస్మా (రజి). ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) గొర్రెల మందను అటు తోలుకొచ్చి పాలు అందించేవారు. మంద నడిచాక అడుగుజాడలు చెరిగిపోయేవి. దారి చూపడానికి కిరాయికి కుదుర్చుకున్న వ్యక్తి ముస్లిం కూడా కాదు, ఎడారి దారులు క్షుణ్ణంగా తెలిసినవాడు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక, వెతుకుతున్న శత్రువులు గుహ ముఖద్వారం దాకా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తన సహచరుడికి అల్లాహ్ మనతో ఉన్నాడని ధైర్యం చెప్పారు. తవక్కల్ అంటే ఇది. జాగ్రత్తకు బదులు కాదు, జాగ్రత్త తరవాతి మెట్టు.

వెనక్కి తగ్గడం కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో సిరియాకు బయలుదేరినప్పుడు అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన సహాబీలతో సంప్రదించి తిరుగుముఖం పట్టారు. దైవనిర్ణయం నుంచి పారిపోవడమా ఇది అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపే వెళ్తున్నామన్న భావంతో ఆయన జవాబిచ్చారు.

పైన చెప్పిన మెక్లెలాండ్ పరిశోధనలో ఒక ఆట ఉంది. నేలమీద నిలిపిన మేకుకు రింగులు విసిరి తగిలించాలి. ఎంత దూరం నుంచి విసరాలో ఎవరి ఇష్టం వారిది. కొందరు మేకు పక్కనే నిలబడతారు. గెలుపు ఖాయం, గొప్ప ఏమీ లేదు. కొందరు మరీ దూరం వెళ్లి అదృష్టాన్ని నమ్ముకుంటారు. సాధించాలన్న పట్టుదల బలంగా ఉన్నవారు మాత్రం కష్టమైనా సాధ్యమయ్యే మధ్య దూరాన్ని ఎంచుకున్నారు. ఇదే మెక్లెలాండ్ 1960ల మధ్యలో మన కాకినాడలో చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని సియెట్ సంస్థ తోడ్పాటుతో శిక్షణ ఇప్పించారు. సంప్రదాయ విశ్వాసాలు మనిషి ఎదుగుదలకు అడ్డు కావని, తగిన శిక్షణతో చొరవను పెంచవచ్చని ఆ ప్రయోగం తేల్చింది. నమాజు, గడ్డం, పరదా ఉన్నంత మాత్రాన వెనకబడిపోతామని బెంగపడే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

జవాబు ఎలా చెప్పాలి?

ఇంటర్వ్యూలో ఇలాంటి జవాబును నాలుగు భాగాలుగా చెప్పడం మంచిది. పరిస్థితి ఏమిటి, అందులో నా బాధ్యత ఏమిటి, నేను ఏం చేశాను, ఫలితం ఏమిటి. మందుల దుకాణంలో పనిచేసిన ఒక యువకుడు ఇలా చెప్పాడనుకుందాం.

‘మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రెండు గంటలైనా రాలేదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. యజమాని ప్రయాణంలో ఉన్నారు, ఫోను కలవలేదు. దుకాణంలో నేనొక్కణ్నే. ఊరుకుంటే సరుకు పాడవుతుంది. అది తెలియక అమ్మితే రోగికి హాని. పక్క వీధిలో జనరేటరు ఉన్న మందుల దుకాణం వారిని అడిగి ఒప్పించాను. పెట్టెలు లెక్కపెట్టి రాసుకున్నాను. ఐసు నేరుగా తగిలితే మందు గడ్డకట్టి పాడవుతుందని గుడ్డ చుట్టి థర్మాకోల్ పెట్టెలో సర్దాను. అరగంట షట్టరు దించి, ఆటోలో నేనే తీసుకెళ్లి, వాళ్ల సంతకం తీసుకున్నాను. ఆటోకు గల్లాపెట్టెలోంచి 60 రూపాయలు తీసి చీటీ పెట్టాను. యజమాని ఒప్పుకోకపోతే ఆ డబ్బు నా జీతంలోంచి ఇస్తే సరిపోతుందనుకున్నాను. సాయంత్రం ఆయన రాగానే నేనే ముందుగా అంతా చెప్పాను. సరుకు లెక్క సరిపోయింది. తరవాత దుకాణానికి ఇన్వర్టరు పెట్టించారు.’

ఇందులో గొప్పలు లేవు. కానీ అడిగేవారికి కావలసినదంతా ఉంది. ఏమీ చేయకపోతే ఎంత నష్టం, చేసింది బెడిసికొడితే ఎంత నష్టం, వెనక్కి రాగల దారి ఉందా, ఆ నష్టం ఎవరి మీద పడుతుంది? ఈ నాలుగింటినీ తూచి చూశాడు. అదే యువకుడు డాక్టరు రాసిన మందు లేదని తన ఇష్టం వచ్చిన వేరే మందు ఇచ్చి ఉంటే అది చొరవ కాదు, దుడుకుతనం. ఇతరుల ప్రాణాన్ని, ఇతరుల సొమ్మును పణంగా పెట్టే హక్కు మనకు లేదు. అవి మన దగ్గర అమానత్.

మరో సంగతి. వినయం కొద్దీ మనవాళ్లు ‘మేం చేశాం, అందరం చేశాం’ అంటారు. పదిమంది చేసిన పనిని పదిమందిదిగానే చెప్పాలి. అయితే అందులో తన వంతు ఏమిటో విడిగా చెప్పకపోతే అడిగేవారికి తెలిసే మార్గం లేదు. నిర్ణయం బెడిసికొట్టిన సందర్భం చెప్పినా తప్పులేదు. తప్పును ఎలా సరిదిద్దారో, మళ్లీ జరగకుండా ఏం చేశారో చెప్పగలిగితే చాలు.

అరువు కథలు వద్దు

ఇంటర్వ్యూ కోసం కథలు అల్లి బట్టీ పట్టే అలవాటు కూడా పెరిగింది. చేయని పని చేశానని చెప్పడం అబద్ధమే. ఉద్యోగం కోసమైనా అబద్ధం అబద్ధమే. హలాల్ సంపాదనకు మొదటి మెట్టు అబద్ధంతో వేస్తామా? లౌకికంగా చూసినా అది నిలిచే మాట కాదు. అప్పుడు ఇంకెవరున్నారు, ఎంత ఖర్చయింది, ఎవరు వద్దన్నారు అని రెండో ప్రశ్న, మూడో ప్రశ్న వస్తే అరువు కథ అక్కడే తేలిపోతుంది. నిజంగా చేసినవాడికి చిన్న చిన్న వివరాలు కూడా గుర్తుంటాయి.

అందుకే సిద్ధపడటం ఇంటర్వ్యూ ముందు రోజు మొదలయ్యే పని కాదు. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, మూడు నాలుగేళ్లలో తమంతట తాము పూనుకున్న పనులు రాసుకోమని పిల్లలకు చెప్పండి. జకాత్ సామగ్రి పంచిన లెక్క, అమ్మీని ఆస్పత్రికి తీసుకెళ్లిన రాత్రి, కాలేజీలో దరఖాస్తు గడువు ముగుస్తుంటే పదిమందికి ఫారాలు నింపిపెట్టిన రోజు... అన్నీ అందులోకి వస్తాయి.

పెద్దలకూ ఇందులో పాత్ర ఉంది. పిల్లవాడు ఏదైనా కొత్తగా చేయబోతే ‘నీకెందుకురా, చెప్పింది చేయి’ అంటాం. అమ్మాయి అభిప్రాయం చెబితే నోరు మూయిస్తాం. ఇరవై ఏళ్లు అలా పెంచి, ఇంటర్వ్యూలో మాత్రం చొరవ చూపమంటే ఎక్కడి నుంచి వస్తుంది? బద్ర్ మైదానంలో హజ్రత్ హుబాబ్ (రజి), ఈ విడిది దైవాజ్ఞా లేక యుద్ధ వ్యూహమా అని మర్యాదగా అడిగి తెలుసుకుని, వ్యూహమే అయితే నీటి బావుల దగ్గరికి వెళ్లడం మేలని సలహా ఇచ్చారు. దైవప్రవక్త (స) ఆ సలహా స్వీకరించారు. అనుచరుడి మాటకు అంతటి మహనీయుడు చెవి ఒగ్గినప్పుడు మన పిల్లల మాట మనం వినలేమా? ఇంటి పద్దుల్లో ఒకటి, పండుగ ఏర్పాట్లలో ఒకటి వాళ్లకు అప్పగించి చూడండి. చిన్న నష్టం జరిగితే జరగనివ్వండి. దాని విలువ తరవాత తెలుస్తుంది.

ఆలోచించి అడుగు వేసే ధైర్యాన్ని, చేసినదాన్ని నిజాయితీగా చెప్పే నేర్పును, ఫలితాన్ని తనకు అప్పగించే విశ్వాసాన్ని అల్లాహ్ మన యువతీ యువకులందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.