దుంపరసము - దమ్ము

పరుగుపందెమునకు ముందు విద్యార్థికి ఏదో ఒక రసము త్రాగించుట పాఠశాలలకు క్రొత్త కాదు. "బలము వచ్చును" అని గ్లాసు చేతికిచ్చు పెద్దలు ఆ బలము ఏ దారిని వచ్చునో చెప్పరు. బీట్‌రూటు దుంప విషయమున మాత్రము శాస్త్రజ్ఞులు ఆ దారిని చాలవరకు కనిపెట్టిరి. అది మన నాలుక మీదుగా పోవుచున్నది!

దుంపకు ఎఱుపునిచ్చు ద్రవ్యము వేరు, దమ్మునకు తోడ్పడు ద్రవ్యము వేరు. రెండవది నైట్రేటు, మొక్క నేలనుండి పీల్చుకొను లవణము. పాలకూర, తోటకూరలలోను ఇది సమృద్ధిగా నుండును. మ్రింగిన నైట్రేటు ప్రేగులనుండి రక్తములో చేరును. అందులో సుమారు నాల్గవవంతును లాలాజల గ్రంథులు గ్రహించి తిరిగి నోటిలోనికి విడుచును. అచట నాలుక వెనుకభాగమున కాపురముండు సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. మన కణములకు ఆ విద్య దాదాపు చేతకాదు. ఉమ్మితో లోనికి పోయిన నైట్రైటు, ముఖ్యముగా ప్రాణవాయువు కొఱతపడిన కండరములలో, నైట్రిక్ ఆక్సైడుగా మారును. ఈ వాయువు రక్తనాళములను సడలించు సంకేతమని కనుగొన్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. క్రిమిసంహారక ద్రవముతో నోరు పుక్కిలించినవారికి నైట్రేటు ఇచ్చి చూడగా, రక్తములో నైట్రైటు పెరుగుట దాదాపు నిలిచిపోయినది. (పండ్లు తోముకొనుట మానుటకు దీనిని సాకుగా చూపు విద్యార్థి ఉండకపోడు, అది చెల్లదు.)

ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమున ఆండ్రూ జోన్సు బృందము ఎనమండుగురు పురుషులకు దినమునకు అర లీటరు చొప్పున ఆరు దినములు దుంపరసమిచ్చి, కదలని సైకిలుపై తీవ్రముగా త్రొక్కించినది. ఆ ఫలితములు 2009లో వెలువడినవి. వేరొక పండ్లపానీయము త్రాగినపుడు సగటున 583 సెకండ్లకు అలసిపోయినవారే దుంపరసముతో 675 సెకండ్లు నిలిచిరి. మితమైన శ్రమకు పట్టు ప్రాణవాయువు కూడ తగ్గినది. అసలు వింత ఇదియే. ఒక పనికి ఇంత ప్రాణవాయువు కావలెననుట ఎంత సాధనచేసినను ఇట్టే మారు లెక్క కాదు. అయినను, అలసిపోవువఱకు త్రొక్కుట వేరు, పందెము గెలుచుట వేరు. పందెకాలములో కనబడు లాభము చాల స్వల్పము. ఆరితేరిన క్రీడాకారులలో అది తఱచు కనబడనే కనబడదు.

మొక్కల సరకు ఏదైనను శ్రమకు మేలే చేయునని ఊహించరాదు. శ్రమించు కండరములో పుట్టు చురుకైన ప్రాణవాయు రూపములు కణములకు హాని చేయుననియు, పండ్లలోను గింజలలోను దొరకు సి, ఇ విటమినులు వానిని అణచుననియు తెలిసినదే. ఈ తర్కమునే నమ్మి మాత్రలు మ్రింగువారు పెక్కురు. అదే 2009లో మైకేల్ రిస్టో మున్నగు జర్మను పరిశోధకులు కొందఱు యువకులచే నాలుగు వారములు వ్యాయామము చేయించిరి. వారిలో కొందఱకు దినమునకు 1000 మిల్లీగ్రాముల సి విటమినును, దానితో ఇ విటమినును ఇచ్చిరి. మాత్రలు లేనివారిలో ఇన్సులిను చక్కగా పనిచేయ మొదలిడినది. మాత్రలు మ్రింగినవారిలో ఆ మేలు కానరాలేదు. కణములకు శత్రువులనుకొన్నవే, తన రక్షణను తానే పెంచుకొమ్మని శరీరమునకు కబురు మోయుచుండెనట! మాత్ర ఆ కబురును దారిలోనే ఆపివేసినది. వెయ్యి మిల్లీగ్రాములనగా సుమారు పదునైదు నారింజలు. అన్నింటిని ఒక్క దినమున ఒలిచి తిను బాలుడు అరుదు.