ఆర్మేనియనుల స్మారకస్తంభాలు - నరసాపురం నుండి ఒక పరిశీలన

నరసాపురం ప్రాంత సంఘ చరిత్రను 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలతో మొదలుపెట్టడం మనకు అలవాటు. వారిని వెంటబెట్టుకొని వచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అంతకుముందు బాగ్దాదులో పరిచర్య చేశారనీ, ఆయన అక్కడ నడిపిన బడిలో ఆర్మేనియను పిల్లలు చదివారనీ అరుదుగా చెప్పుకొంటాం. 1831 నాటి ప్లేగులో ఆయన భార్య మేరీ ఆ ఊరిలోనే మరణించారు. ఆర్మేనియనులు మనకు బొత్తిగా పరాయివారు కారని చెప్పడానికే ఈ సంగతి ఎత్తుకొన్నాం.

1915 ఏప్రిల్ 24న ఒట్టోమాన్ ప్రభుత్వం కాన్‌స్టాంటినోపులులో ఆర్మేనియను పెద్దలను నిర్బంధించింది. ఆ తరువాత ఊళ్లకు ఊళ్లను సిరియా ఎడారివైపు నడిపించారు. చనిపోయినవారు 10 నుండి 15 లక్షల మంది అని చరిత్రకారులలో ఎక్కువమంది అంచనా. టర్కీ ప్రభుత్వం దీనిని జాతిసంహారమని నేటికీ ఒప్పుకోదు. కాబట్టి ఆర్మేనియనులకు స్మారకం కేవలం అలంకారం కాదు, సాక్ష్యం.

బ్రతికి బయటపడినవారు అనేక దేశాలకు చెదరిపోయారు. అమెరికాలోని ఫ్రెస్నో ప్రాంతంలో అప్పటికే ద్రాక్షతోటలు వేసుకొని స్థిరపడిన తమవారి దగ్గరకు కొందరు చేరారు. అక్కడి విశ్వవిద్యాలయ ఆవరణలో 2015లో తొమ్మిది స్తంభాలు నిలిపారు. ఆరు పూర్వపు రాష్ట్రాలకు, ఒకటి కిలికియకు, ఒకటి చెదరినవారికి, ఒకటి నేటి ఆర్మేనియాకు. వాటిపైన ఉన్న వలయం పూర్తిగా కలవదు. చెదరినవారికీ ఒక స్తంభం ఇవ్వడం మాకు ముఖ్యంగా తోచింది. వలస వెళ్లినవారిని పోయినవారి లెక్కలో వేయలేదు.

రాయి కూడా శాశ్వతం కాదు. సిరియాలోని దేర్ ఎజ్ జోర్‌లో హతుల ఎముకలను భద్రపరచిన స్మారక దేవాలయాన్ని 2014లో పేల్చివేశారు.

2015 ఏప్రిల్ 23న ఆర్మేనియను సంఘం ఆ హతులను పరిశుద్ధులుగా ప్రకటించింది. అప్పటినుండి వారి ఆత్మశాంతి కొరకు ప్రార్థించడం మాని, వారి విజ్ఞాపనను కోరుతున్నారు. పరిశుద్ధుల విజ్ఞాపనను అంగీకరించని మన సంఘాలకు ఇది చిక్కు ప్రశ్న. అందరూ విశ్వాసం నిమిత్తమే చంపబడ్డారా, జాతి నిమిత్తమా అన్నది మరొకటి. రెండింటినీ విడదీయలేమనే మా అభిప్రాయం. అయితే ఆ ప్రకటన హతులకే చెందుతుంది. ఎడారి దాటి బ్రతికిన తల్లులకు, అనాథ పిల్లలకు ఆ పట్టికలో చోటు లేదు. యెహోషువ 4వ అధ్యాయంలోని పన్నెండు రాళ్లు యొర్దాను దాటినవారు నిలిపినవే. ఫ్రెస్నో స్తంభాలను మేము ఆ వరుసలో చదువుతున్నాం.