ఊటనీళ్ల కోసం: అంగళ్ల దారిలో కృష్ణమ్మ

మదనపల్లె నుంచి కదిరి రోడ్డు పట్టుకుని పది కిలోమీటర్లు పోతే అంగళ్లు. పేరులోనే దుకాణాలున్న ఊరు. ఇంజనీరింగ్ కాలేజీ దాటితే టమాటా తోటలు. కట్టెలు నాటి, దారంతో పైకి లాగి కట్టిన చెట్లు. ప్రతి చెట్టు మొదట్లో డ్రిప్పు పైపు తడి, అరచేతి వెడల్పున. ఆ తడి వెనుక ఒక బోరు, బోరు వెనుక ఒక అప్పు ఉంటాయి.

ఈ ఎత్తుకు కృష్ణా నీళ్లు ఎక్కడమే ఒక వింత. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మల్యాల దగ్గర ఆ జలాశయంలోంచి తోడిన నీటిని పంపులు మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తాయి. ఇదే హంద్రీ-నీవా. ఈ పథకానికి 40 టీఎంసీలు, ఆరు లక్షల ఎకరాలు అన్నది లెక్క. 2012లో నీళ్లు అనంతపురం జిల్లా జీడిపల్లికి చేరాయి. అక్కణ్ణుంచి ఇంకా ముందుకు పోతే పుంగనూరు బ్రాంచి కాలువ, దాని నుంచి కుప్పం కాలువ. 2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు.

కుప్పానికి నీళ్లు వద్దని ఎవరూ అనలేదు. అనంతపురం రైతుల మాట వేరు: ముందు మా పిల్లకాలువలు తవ్వండి, తర్వాత ముందుకు తీసుకుపోండి. కాలువకు సిమెంటు లైనింగ్ మొదలయ్యాక ఆ మాట ఇంకా గట్టిపడింది. మట్టికాలువలో ఇంకిపోయే నీళ్లు ఇంజనీరు లెక్కలో నష్టం. చివరి ఊరికి నీళ్లు అందాలంటే ఆ నష్టం తగ్గాల్సిందే. కానీ గట్టు కింద రైతుకు అదే ఊట. ఎండిన బోరు మళ్లీ పోసేది ఆ ఊటతోనే. పిల్లకాలువ లేనిచోట అతని వాటా అదొక్కటే. దాన్ని సిమెంటుతో మూసే ముందు తూము పెట్టాలి కదా అన్న అతని ప్రశ్న న్యాయమైనదే అనిపిస్తుంది నాకు.

అంగళ్లకు దగ్గర్లోని ముదివేడు, అవతల నేతిగుంటపల్లి, ఆవులపల్లి రిజర్వాయర్లది ఇంకో కథ. అక్కడ నీళ్లు వస్తాయన్న ఆశ ఒకరిది, పొలం మునుగుతుందన్న దిగులు ఇంకొకరిది. ఆవులపల్లి వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. 2023లో అది ప్రభుత్వానికి 100 కోట్ల జరిమానా వేస్తే, సుప్రీంకోర్టు ఆ జరిమానాపై స్టే ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 4న, ప్రాజెక్టుల యాత్రగా అప్పటి ప్రతిపక్ష నేత వచ్చిన రోజున, ఈ అంగళ్లలోనే రాళ్లు పడ్డాయి. ఆ రోజు టీవీల్లో రాళ్లే కనిపించాయి, కాలువ కనిపించలేదు.

మదనపల్లె నుంచి ఇక్కడికి కదిరి వైపు బస్సులు ఉంటాయి. ఇదే దారిలో ముందుకెళ్లి హార్స్‌లీ హిల్స్ కూడా చూసి రావచ్చు. తోటలు చూడాలంటే పొద్దున్నే రండి, మార్కెట్‌కు క్రేట్లు నింపే వేళకు. రైతు ఎవరైనా కాయ చేతిలో పెడతాడు. బోరు ఎన్ని అడుగులని అడిగితే కాయలు ఏరడం ఆపి మరీ చెబుతాడు.