గేము పెట్టెలో చిన్న డయోడు

తిరుపతి బస్టాండు పక్క సందులో ఒక అంగడి ఉందనుకుందాం. అంగడామె దగ్గర పాత వీడియో గేము పెట్టె ఒకటి ఉంది. అందులో ప్యాక్‌మాన్ ఆట. 1980లో జపానులో పుట్టిన ఆట అది. పిల్లోళ్లు వచ్చి డబ్బులిచ్చి ఆడతారు. ఆ చిల్లరతోనే ఆమె ఇంట్లోకి పాలు, కూరగాయలు వస్తాయి.

ఒక రోజు పెట్టె ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి ఏదో మార్చి పోయాడు. వారం తిరక్కముందే మళ్లీ ఆగింది. ఫ్యూజు మాడిపోయింది. "సప్లై మొత్తం కొత్తది వెయ్యాలక్కా" అన్నాడు.

మొత్తం మార్చాలా?

మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గేము బోర్డుకు 5 వోల్టులు చాలు. పైగా కరెంటు ఒకే వైపు పారాలి. వోల్టులు తగ్గించేది ట్రాన్స్‌ఫార్మరు. ఒకే వైపు పారించేది డయోడు. బాయి మోటారు పైపుకు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది కదా! నీళ్లను పైకి పోనిస్తుంది, కిందికి జారనివ్వదు. డయోడు పని కూడా అదే. ఈ పెట్టెలో అట్లాంటివి నాలుగు ఉన్నాయి.

అంగడామె కళ్లజోడు పెట్టుకుని చూసింది. మూడు డయోడులు చింతగింజంత లావున్నాయి. వాటి మీద 5408 అని ఉంది. నాలుగోది సన్నగా, వడ్లగింజ మాదిరి ఉంది. దాని మీద 4007.

"ఇది పక్కవాటి నంబరు కాదే!" అంది.

"రెండూ 1000 వోల్టులవేలే అక్కా" అన్నాడు మెకానిక్కు.

ఆ మాట నిజమే. రెండూ 1000 వోల్టులు తట్టుకుంటాయి. ఈ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది 9 వోల్టులు, ఊపు పైకి పోయినప్పుడు 13 దాకా. అంటే వోల్టులతో ఇబ్బందే లేదు. ఇబ్బంది ఆంపియర్లతో వచ్చింది. ఆంపియరు అంటే ఎంత కరెంటు పారుతుందనే కొలత. 4007 మోసేది 1 ఆంపియరే. 5408 అయితే 3 ఆంపియర్లు మోస్తుంది. గేము బోర్డు 4 ఆంపియర్లు లాగితే ఒక్కో డయోడు మీద సగటున 2 పడతాయి. సన్న పైపులో పెద్ద మోటారు నీళ్లు తోసినట్టే. వేడెక్కి లోపల అతుక్కుపోయింది. అప్పుడు రెండు వైపులా కరెంటు పారింది. ఫ్యూజు పోయింది.

ఫ్యూజు పోతోందని లావు రాగి తీగ చుట్టేవాళ్లున్నారు. ఆ పని వద్దే వద్దు. ట్రాన్స్‌ఫార్మరు కాలి, అంగడే అంటుకోవచ్చు.

కొత్త డయోడు కొనేటప్పుడు వోల్టులు, ఆంపియర్లు పాతదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. కాలినదాని నంబరు చెరిగిపోతే పక్కదాన్ని చదవాలి. నాలుగూ ఒకేసారి మార్చడం మేలు, ఖర్చు కొన్ని రూపాయలే. డయోడుకు ఒక చివర గీత ఉంటుంది. పాతదాని గీత ఎటుంటే కొత్తదాని గీత కూడా అటే ఉండాలి. తిరగేస్తే మళ్లీ ఫ్యూజు పోతుంది. బోర్డుకు ఆనించకుండా కొంచెం ఎత్తుగా అతికిస్తే గాలి తగిలి చల్లగా ఉంటుంది.

కొత్త రకం సప్లైలు వేరు. ట్రాన్స్‌ఫార్మరు చిన్నదిగా, తేలిగ్గా ఉంటుంది. లోపల కరెంటు సెకనుకు వేల సార్లు ఊగుతుంది. అక్కడ 5408 కూడా పనికిరాదు. అంత వేగం దానికి చేతకాదు. షాట్కీ అనే వేగం డయోడు అడగాలి.

పెట్టె విప్పేముందు ప్లగ్గు పీకాలి. పీకినా కెపాసిటరు అనే డబ్బాలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. కొత్త రకం సప్లైలో అది 300 వోల్టులు దాటి ఉండొచ్చు. అందుకే విప్పే పని మెకానిక్కుకే వదలాలి.

అంగడామె కాగితం మీద 5408 అని రాసింది. కింద "నాలుగు" అని రాసి మెకానిక్కు చేతికిచ్చింది. సాయంత్రానికి పెట్టె వెలిగింది.