ఎల్లారెడ్డి ఎందుకు దొరకదు?

తాతగారి పట్టా కోసం ఓ మనవడు పాత కాగితాలన్నీ టైపు చేయించి కంప్యూటర్లోకి ఎక్కించాడనుకోండి. 'ఎల్లారెడ్డి' అని కొడితే కొన్నే వచ్చాయి. మిగతావి ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు! వాటిలో ఉన్నది 'ఎల్లారెడ్డిలో', 'ఎల్లారెడ్డికి'. మనకు అదంతా ఒకటే ఊరు. కంప్యూటర్‌కి మాత్రం వేర్వేరు మాటలు.

ఇలాంటి వెతుకులాట వెనక చాలాచోట్ల ఉండేది లూసీన్. 1999లో డగ్ కటింగ్ జావాలో రాశాడు. పేరేమో ఆయన భార్యది, అదీ మధ్య పేరు! 2001లో అపాచీ గూటికి చేరింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఉంటుందిగా, లూసీన్ ముందే అలాంటిది కట్టుకుంటుంది. మాటల్ని విడదీసి అందులోకి ఎక్కించేది ఎనలైజర్. చిక్కులు ఎక్కువగా ఇక్కడే. ఎక్కించేటప్పుడు ఒకటి, వెతికేటప్పుడు మరొకటి వాడితే తాళం ఒకటి, చెవి ఇంకొకటి అయినట్టే. ఎనలైజర్ మారిస్తే పట్టిక మళ్లీ కట్టాల్సిందే.

2021 డిసెంబరులో వచ్చిన లూసీన్ 9లో తెలుగు ఎనలైజర్ చేరింది. 'లో', 'కి' వంటి చివర్లను కత్తిరిస్తుంది. అయినా గుడ్డిగా నమ్మొద్దు. 'ఎల్లారెడ్డి', 'ఎల్లారెడ్డిలో' కత్తిరించాక ఒకేలా మిగిలాయా అని ముందే చూసుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు ఎల్లారెడ్డి ఉన్నది నిజామాబాద్ జిల్లాలో. పాత కాగితాల్లో ఆ పేరే ఉంటుంది. 'కామారెడ్డి జిల్లా' అని వెతికితే అవి రావు. వాటికి కొత్త జిల్లా పేరు కూడా తగిలించాలి. ఆ పని ఎనలైజర్ వల్ల కాదు... ఊరి సంగతి తెలిసిన మనిషే చేయాలి!