ఇంధనం ఉన్నా ఆగిపోయే ఇంజిన్

విమానం కూలిందనగానే మనకు తుపాను, పక్షి ఢీకొనడం, విద్రోహం వంటివి గుర్తుకొస్తాయి. పెట్రోలు సంగతి సరిగ్గా చూసుకోకపోవడం వల్ల కూలిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ చిన్న విమానాల ప్రమాద నివేదికలు చదివేటప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ కారణమే. ఇందులో రెండు రకాలున్నాయి. ఇంధనం పూర్తిగా అయిపోవడం ఒకటి. ట్యాంకులో ఉండి కూడా ఇంజిన్‌కు అందకపోవడం రెండోది.

చాలా చిన్న విమానాల్లో రెండు వైపులా ట్యాంకులుంటాయి. దేని నుంచి ఇంధనం తీసుకోవాలో పైలటే ఒక వాల్వు తిప్పి నిర్ణయిస్తారు. పాత స్కూటర్లు నడిపినవారికి ఇది తెలిసిన విషయమే. బండి ఆగబోతుంటే సీటు కిందకు చెయ్యి పోనిచ్చి రిజర్వుకు తిప్పేవాళ్లం. స్కూటరునైతే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు. ఆకాశంలో ఆ వెసులుబాటు లేదు.

అమెరికా గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. 1997 అక్టోబర్ 12న ఆయన నడుపుతున్న లాంగ్-ఈజీ విమానం కాలిఫోర్నియాలోని మాంటెరీ తీరంలో సముద్రంలో కూలింది. ఆయన కొత్త పైలట్ కాదు. 2,700 గంటలకు పైగా విమానాలు నడిపిన అనుభవం ఉంది. కానీ ఈ రకం విమానం ఆయనకు కొత్త. అది ఒక ఔత్సాహికుడు సొంతంగా తయారు చేసుకున్నది. అసలు నమూనాలో పైలట్ కాళ్ల మధ్య ఉండాల్సిన ఇంధన వాల్వును, తయారుచేసిన వ్యక్తి పైలట్ ఎడమ భుజం వెనకకు మార్చాడు. ఇంధనం గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదన్నది అతని ఉద్దేశం. ఆ మార్పుతో వాల్వు చేతికి అందకుండా పోయింది. ఇంధన మట్టం చూపే గాజు గొట్టాలు కూడా పైలట్ వెనకే ఉన్నాయి. వాటి మీద కొలత గుర్తులు లేవు.

బయల్దేరే ముందు ఒక టెక్నీషియన్ వాల్వు పిడి అందేందుకు పట్టుకారు, గొట్టాలు చూసేందుకు అద్దం ఇచ్చారు. ఇంధనం నింపుతామంటే, గంటసేపే ఎగురుతానంటూ డెన్వర్ వద్దన్నారు. కొద్దిసేపటికి తీరం మీదుగా తక్కువ ఎత్తులో వెళ్తున్న విమానం కుడి వైపు ఒరిగి, ముక్కు దించి నీళ్లలో పడింది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు అధికారులు అలాంటి సీట్లో కూర్చుని పరీక్షించారు. వెనక్కి తిరిగి వాల్వు అందుకోబోతే కుడికాలు తెలియకుండానే రడ్డర్ పెడల్‌ను తన్నుతోందని గమనించారు. వాల్వు తిప్పే ప్రయత్నంలో దృష్టి మళ్లి, విమానం అదుపు తప్పిందని 1999లో తేల్చారు. అంతటితో ఆగలేదు. ఇంధనం నింపుకోకపోవడం, వాల్వును అందని చోట అమర్చడం, కొలతలు లేని గొట్టాలు, కొత్త విమానంపై చాలినంత శిక్షణ లేకపోవడం అన్నింటినీ కారణాల జాబితాలో చేర్చారు. పైలట్ తప్పు అంటూ ఒక్కమాటతో ఫైలు మూసి ఉంటే మిగిలిన పాఠాలన్నీ ఆయనతోపాటే మునిగిపోయేవి.

దీన్ని మన దేశ భద్రతకు సంబంధించిన విషయంగా ఎందుకు చూడాలి? యుద్ధ విమాన పైలట్ కూడా తొలి పాఠాలు చిన్న విమానంలోనే నేర్చుకుంటారు. మన వాయుసేన దశాబ్దాల పాటు వాడిన హెచ్‌పీటీ-32 దీపక్ శిక్షణ విమానాల్లో ఇంజిన్లు గాలిలోనే ఆగిపోయిన సంఘటనలు పదేపదే జరిగాయి. ఇంజిన్‌కు ఇంధనం అందించే వ్యవస్థపై ఏళ్ల తరబడి సందేహాలు వ్యక్తమయ్యాయి. అది పైలట్లు పెట్రోలు చూసుకోకపోవడం కాదు, యంత్రానికి సంబంధించిన సమస్య. 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు మరణించారు. 2009లో మెదక్ జిల్లాలో ఇద్దరు అధికారులు చనిపోయాకే వాటిని పూర్తిగా పక్కన పెట్టారు. కొత్త పిలాటస్ విమానాలు దుండిగల్ అకాడమీకి చేరడానికి 2013 దాకా పట్టింది.

పౌర విమాన ప్రమాదాలను మన దేశంలో 2012లో ఏర్పాటైన ఏఏఐబీ దర్యాప్తు చేసి నివేదికలు వెల్లడిస్తుంది. సైనిక విమానాలపై కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ జరుగుతుంది. ఆ నివేదికలు సాధారణంగా బయటకు రావు. యుద్ధ విమానాల రహస్యాలను కాపాడాల్సిందే. కానీ శిక్షణ విమానంలో ఇంధనం వాల్వు ఎక్కడుంది, మీటరు సరిగ్గా చూపిందా, బయల్దేరే ముందు కొలకర్రతో ట్యాంకు చూశారా అన్నవాటిలో శత్రువుకు ఉపయోగపడే రహస్యం ఏముంటుంది? ఈ సమాచారం అవసరమైనది ఫ్లయింగ్ స్కూళ్లలో చేరుతున్న మన పిల్లలకు, మైక్రోలైట్లు ఎక్కే ఎన్‌సీసీ క్యాడెట్లకు, వారికి నేర్పే శిక్షకులకు.

పేర్లు, యూనిట్ల వివరాలు తొలగించి అయినా సరే, శిక్షణ విమానాల ప్రమాదాల సారాంశాన్ని రక్షణ శాఖ ప్రచురించాలని నా అభిప్రాయం. ఒక స్థావరంలో ప్రాణం పోసి నేర్చుకున్న పాఠాన్ని మరో స్థావరం మళ్లీ ప్రాణం పెట్టి నేర్చుకోవాల్సిన అవసరం లేదు.