దోమల జాలీలు: ఇంటనే మరమ్మతు చేసికొను విధము

వరినాట్లు ప్రారంభమగు దినములలో రైతు దేనికైనను తాళగలడు గాని, ఇంట నొకరు జ్వరముతో మంచము పట్టుటకు మాత్రము తాళలేడు. నారు ముదురుచుండును, కాలువనీరు వంతుమీద వచ్చుచుండును, కూలీలు దొరకుట దుర్లభమై యుండును. అట్టి సమయమున ఇంటి యజమానుడో, నాటువేయు ఇల్లాలో వారము పదిదినములు పడకనున్నచో పోవునది మందుల ఖర్చు మాత్రమే కాదు, అదును కూడ పోవును. అదును తప్పిన చేనివలన సంఘమునకు చెల్లింపవలసిన వాయిదాయు తప్పును. కావున దోమల జాలీలను గూర్చి వ్రాయుట రైతుల పత్రికకు తగని పని యని యెవరును తలపరని మా నమ్మకము.

మేము గ్రామములు తిరుగునపుడు చూచుచున్నాము. ఇటీవల కట్టిన ఇండ్లలో చాలవాటి కిటికీలకు జాలీలు కలవు. పెట్టించిననాడు అవి చక్కగనే యుండును. రెండు మూడేండ్లు గడచుసరికి ఒక మూల పిల్లి గోళ్లు, ఒక మూల పిల్లల చేతులు, మఱియొక చోట టీవీ తీగ దూర్చుటకు పొడిచిన రంధ్రము కనబడును. అడిగినచో ఇంటివారు "ఇంత జాలీలో అంత చిల్లి యేమి చేయును?" అందురు. పొలముగట్టు ఎంత పొడవున దృఢముగ నున్నను ఎండ్రకాయ బొక్క యొక్కటి చాలును, తెల్లవారుసరికి మడి యెండుటకు. ఈ సంగతి రైతునకు మేము చెప్పనక్కఱలేదు. జాలీ విషయమును అంతియే. దోమ మన ఊపిరిని, ఒంటి వేడిమిని పసిగట్టి వచ్చును. జాలీపై తారాడి తారాడి చిల్లిని కనుగొనును. లోనికి వచ్చిన పిదప దానికి బయటకు దారి దొరకదు. జాలీ యున్నదని నమ్మి మనము దోమతెర కట్టుట మానుదుము. ఇట్లు చినిగిన జాలీ దోమను ఆపుటకు మాఱుగ మనలను దోమతో కూడ మూసిపెట్టు బోనగును.

జాలీ వలన మేలు కలదా?

మలేరియా క్రిమి దోమ కడుపున పెరుగునని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20 వ తేదీన. ఇది తెలిసిన మూడేండ్లకు, 1900 లో, లూయీ సాంబన్, జార్జి కార్మైకేల్ లో అను వైద్యులు ఇటలీ దేశమున రోము నగర సమీపమందలి చిత్తడినేలలో, ఊరంతయు మలేరియాతో బాధపడుచున్న చోట, జాలీలు బిగించిన చెక్కయింట కాపురముండిరి. పగలెల్ల బయట తిరిగి, ప్రొద్దుగ్రుంకినది మొదలు ప్రొద్దుపొడుచువఱకు లోపలనే యుండుట వారి నియమము. మందు పుచ్చుకొనకయే జ్వరము సోకక ఆ ఋతువు గడపిరి.

ఇటీవల ఆఫ్రికాలోని గాంబియా దేశమున 2006, 2007 సంవత్సరములలో పల్లెయిండ్లకు జాలీలు పెట్టి పరీక్షించిరి. తలుపులు, కిటికీలు, చూరుసందులు మూడును మూసిన యిండ్లలోనికి వచ్చిన దోమలు, జాలీలేని యిండ్లకంటె 59 శాతము తక్కువగ నుండెను. రక్తహీనత గల పిల్లలు జాలీలేని యిండ్లలో నూటికి 19 మంది కాగా, జాలీగల యిండ్లలో 12 మందియే. దోమలు తగ్గెనే గాని బొత్తిగ పోలేదని కూడ గమనింపవలెను. కనుక జాలీ యున్నను రాత్రులందు దోమతెర విడువరాదు.

మఱియొక సంగతి. మలేరియా దోమయు, బోదకాలు కలిగించు దోమయు రాత్రివేళ కుట్టును. డెంగీ దోమ పగటివేళ, విశేషముగ ఉదయమునను సాయంకాలమునను కుట్టును. కావున జాలీతలుపు సాయంత్రము మాత్రమే మూయుట చాలదు, పగలును మూసియుంచవలెను.

ముందు పరీక్ష

పట్టపగలు గది తలుపులు మూసి, దీపమార్పి, లోపలనుండి కిటికీవైపు చూడుడు. చిల్లి యెంత చిన్నదైనను వెలుతురు చుక్కయై తెలియును. చట్రమునకును గోడకును నడుమ గల సందులు, తలుపు క్రింది సందు, పెంకుటిండ్లలో గోడతలకును వాసములకును నడుమ గల చూరుసందు కూడ చూడవలెను. మలేరియా దోమ చూరుసందుననే యెక్కువగ వచ్చును. దానిని మట్టితోగాని సున్నముతోగాని పూడ్చవచ్చును. గాలి కావలెనన్నచో జాలీముక్క కొట్టవచ్చును.

పిమ్మట జాలీకన్నులు లెక్కింపుడు. బడిపిల్లల స్కేలు ఆనించి చూచినచో అంగుళమునకు 16 మొదలు 18 కన్నులు ఉండవలెను. ఇంతకంటె పలుచనిది దోమల నాపదు. మిక్కిలి దట్టమైనది గాలినాపును.

చిన్న చిల్లులు

లోహపుజాలీలో పోగులు తెగక ప్రక్కకు జరిగిన చోట, దబ్బనపు మొనతో వాటిని యథాస్థానమునకు నెట్టిన చాలును. పోగులు తెగి రెండంగుళముల లోపు చిల్లి పడినచో మాసిక వేయవలెను. చిల్లి చుట్టునుగల వంకర పోగులను కత్తిరించి దానిని చదరముగ చేయుడు. దానికంటె నలుప్రక్కలను ఒక్కొక్క అంగుళము పెద్దదగునట్లు అదేరకపు జాలీముక్కను కోయుడు. ఆ ముక్క నాలుగంచులను అరంగుళము మేర అడ్డపోగులు ఊడదీసినచో నిలువుపోగుల కొనలు కుచ్చువలె నిలుచును. వాటిని బల్ల అంచున నదిమి ఒకేవైపునకు వంచి, ముక్కను చిల్లిమీద సరిగ నుంచి, కొనలను జాలీకన్నులగుండ అవతలికి దూర్చి, అవతలివారు వాటిని మడిచి అణచవలెను. మేకు లేదు, జిగురు లేదు. ఈ మాసిక జాలీయున్నన్నాళ్లు నిలుచును.

ఫైబరుగ్లాసు, నైలాను జాలీలకు పోగులు వంగి నిలువవు. వీటికి మాసికను నైలాను దారముతో కుట్టవలెను. చేపలుపట్టు గేలపుతీగ మిక్కిలి బాగుగ పనిచేయును. చిల్లి అంచునకు దూరముగ, గట్టిగనున్న చోట కుట్టు పడవలెను. వీటిదగ్గఱ అగరువత్తి, దీపము ఉంచరాదు. సెగకు నైలాను కరగి కొత్త చిల్లి యేర్పడును.

పూర్తిగ మార్చుట

తుప్పుపట్టి వ్రేలితో నొక్కగనే పొడియగు జాలీకి మాసిక దండుగ; మార్చవలసినదే. చెక్కచట్రమైనచో బీడింగుబద్దను నడుమనుండి మెల్లగ లేపి, కొనలకు పోవలెను. కొనలయొద్ద లేపినచో బద్ద విఱుగును. పాతమేకులు తీసి, చెక్కను గీకి, పుచ్చిన చోటు చూచుకొని, రంగు పూయవలెను. చట్రముకంటె నలుదెసల రెండేసి యంగుళములు ఎక్కువగ జాలీ కోసి, దాని పోగులు చట్రపు అంచునకు వంకరలేకుండ నుంచవలెను. మొదట పైయంచున నడుమనుండి మూలలకు, మూడేసి యంగుళముల కొక మేకు కొట్టుడు. తరువాత క్రిందికొసను ఒక రీపరునకు చుట్టి ఒకరు సమముగ లాగుచుండగా మఱియొకరు మేకులు కొట్టవలెను. ప్రక్కలు చివర. బద్దను మరల బిగించి, మిగిలిన జాలీని కత్తితో కోయవలెను.

సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి ఇనుపజాలీ నిలువదు. ఫైబరుగ్లాసుగాని, మేలిరకపు స్టెయిన్‌లెస్ స్టీలుగాని తగును. అల్యూమినియం జాలీకి ఉత్త ఇనుపమేకులు కొట్టినచో తాకినచోట జాలీ తినివేయబడును. జింకుపూతగల మేకులు వాడవలెను.

అల్యూమినియం చట్రములలో జాలీని రబ్బరుత్రాడు గాడిలో పట్టియుంచును. స్క్రూడ్రైవరుతో ఆ త్రాడు పెఱికి, కొత్త జాలీ పఱచి, చిన్నచక్రపు పనిముట్టుతో త్రాటిని గాడిలోనికి నొక్కుచు పోవలెను. త్రాడు బిరుసెక్కినచో అదే లావున కొత్తది కొనుడు. ఇక్కడ జాలీని మితిమీరి లాగరాదు. చట్రపు నడుము లోనికి వంగి, రెండుప్రక్కలను సందు తెఱచుకొనును.

లోహపు పోగుల కొనలు సూదులవంటివి. చేతికి గుడ్డ చుట్టుకొని, పిల్లలను దూరముంచి పని చేయుడు. కోసిన పోగులు పశువుల మేతలో కలియకుండ అన్నియు ఏఱి పాఱవేయుడు.

తలుపు, వంటయిల్లు, కొట్టుగది

జాలీతలుపు బయటివైపునకు తెఱచుకొనునట్లుండుట మేలు. లోనికి తెఱచుకొన్నచో దానిపై వ్రాలిన దోమలు మనతోడనే లోనికి వచ్చును. తనంతట మూసికొనుటకు స్ప్రింగు కట్టవలెను. క్రిందిభాగమున మేకపిల్లలు, పసిబిడ్డలు తన్నుదురు గనుక రెండడుగుల ఎత్తువఱకు పలకగాని రేకుగాని కొట్టుడు. గడపకును తలుపునకును నడుమ సందు రబ్బరుపట్టీతో మూయుడు.

వంటయింటి జాలీకి మసి, నూనె పట్టి కన్నులు పూడును. నెలకొకమారు సబ్బునీటితో మెత్తనికుంచె పెట్టి కడుగవలెను. కట్టెలపొయ్యి పొగపోవు దారికి మాత్రము సన్నజాలీ కొట్టరాదు. పొగ లోపల నిలుచుట ఇల్లాలి కన్నులకు, ఊపిరితిత్తులకు చేటు. విత్తనములుంచు కొట్టుగదికి దోమజాలీ చాలదు. ఎలుక దానిని ఒక్కరాత్రిలో కొఱుకును. అచట పావంగుళపు కన్నుగల గట్టి ఇనుపజాలీయే వేయవలెను.

మిగిలిన ముక్కలను పాఱవేయకుడు. మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టపు మూతికి ఒకటి, మిద్దెమీది నీళ్లట్యాంకు పొర్లుగొట్టమునకు ఒకటి కట్టుడు. బోదకాలు దోమ మురుగుననే పెరుగును; డెంగీ దోమ మంచినీటిలో పెరుగును. దోమ గ్రుడ్డునుండి రెక్కలు వచ్చువఱకు వారము పదిదినములే పట్టును గాన, తొట్లు, కుండలు వారమునకొకమారు వంచి ఆరబెట్టుట జాలీకి తోడగును.

సంఘము చేయదగినది

ఒక కిటికీకి కావలసిన జాలీ విడిగ కొనబోయినచో అంగడివాడు కోసినంత చెప్పును. రకమును ఎంచుకొనుట కూడ కష్టము. పదియిండ్లవారు కలసి, కిటికీల కొలతలు వ్రాసి, సంఘము ద్వారా చుట్టగ కొన్నచో ధర తగ్గును, ముక్కలు వృథాపోవు. రేకుకత్తెర, పటకారు, రబ్బరుత్రాడు నొక్కు చక్రము వంటి పనిముట్లు ఏడాదికి రెండుమారులు అవసరమగునవి. ప్రతి యింట కొనుటకు మాఱు, ఒక జత సంఘపు గదిలో నుంచి, స్ప్రేయరును ఇచ్చినట్లే సభ్యులకు వంతుమీద ఇయ్యవచ్చును. కమిటీవారు ఈ విషయము వచ్చు సమావేశమున ఆలోచింతురుగాక.

తొలకరికి ముందు రైతు నాగలి చూచుకొనును, గట్లు చూచుకొనును, విత్తనము మొలకకట్టి చూచుకొనును. ఆ వరుసలోనే ఒక ఉదయము ఇంటిచుట్టు తిరిగి జాలీలు చూచుకొనవలెనని మా మనవి. మాసిక వేయుటకు అరగంట పట్టును. నాట్లవేళ డెంగీ వచ్చినచో ఆ క్రిమిని చంపు మందు నేటికిని లేదు. విశ్రాంతియు, వైద్యుని కనిపెట్టుటయే గతి. అరగంట పని నేడే చేసికొనుడు.